ఇటుకలు వాపసు తెచ్చే పెద్దమనిషి

మా గుడి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మెసేజి వచ్చింది, ఆయన ప్రభువునందు నిద్రించారని. చనిపోయారంటే నమ్మేవాణ్ణి. నిద్రించారంటే నమ్మబుద్ధి కాలేదు. ట్రస్టు మీటింగుల్లో మేమంతా సమోసాలు తిని గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే, నిటారుగా కూర్చుని మొదటి పేజీ నుంచి ట్రస్టు డీడు చదివిన మనిషి ఆయన. మాలో ఎవరైనా గురక పెడితే చదవడం ఆపి, ఆ మనిషి లేచేదాకా చూసి, మళ్ళీ అదే వాక్యం మొదటి నుంచి అందుకునేవారు. అట్లాంటి మనిషికి నిద్రా?

మెసేజి కింద దండాలు, పువ్వులు, కన్నీళ్ళ బొమ్మలు బారులు తీరాయి. పెట్టినవాళ్ళలో సగంమంది ఈయన పీడ ఎప్పుడు విరగడవుతుందా అని ఎదురుచూసినవాళ్ళే. వాళ్ళ పేర్లు చెప్పను. ఆయన పేరు అసలే చెప్పను. చెప్తే, ఏ తీర్మానం ప్రకారం నా పేరు వాడుకున్నావని పైనుంచి అడిగినా అడుగుతారు.

మా కాగజ్‌నగర్‌లో క్రైస్తవులకు ఒక బొందలగడ్డ ఉంది. ఎప్పుడో మిషన్ కాలంలో దొరలు ఆ భూమి కొని, ఈ ఊళ్ళో చనిపోయిన క్రైస్తవులందరికీ అని ధర్మానికి రాసి, చూసుకోవడానికి ట్రస్టీలను పెట్టి, తమ దేశం వెళ్ళిపోయారు. ఒక ట్రస్టీ పోతే మిగిలినవాళ్ళు కూర్చుని ఇంకొకరిని ఎన్నుకోవాలి. అట్లా ఎన్నుకుంటూ ఎన్నుకుంటూ వచ్చేసరికి, ట్రస్టీ అంటే క్రిస్మస్ నాడు స్టేజి మీద కుర్చీ, గుడి ముందు ఫ్లెక్సీలో ఫొటో అని అర్థం స్థిరపడింది. అంతా హాయిగా నడుస్తున్న రోజుల్లో ఈయన మేనేజింగ్ ట్రస్టీ అయ్యారు. అయినరోజే బీరువాలోంచి డీడు బయటికి తీసి చదివారట. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఊరంతా బొందలగడ్డ అంటే ఆయన ఒక్కరే "సమాధుల తోట ట్రస్టు" అని పూర్తిగా అనేవారు. అంతకుముందు ఆయన మా ఊరి కాగితం మిల్లులో టైం ఆఫీసు గుమాస్తా. సైరన్ మోగాక గేటు దగ్గరికి సొంత బామ్మర్ది పరుగెత్తుకొచ్చినా హాజరు వేయలేదని పేరు. మిల్లు మూతపడ్డప్పుడు జనమంతా ఏం చేయాలో తోచక కూలబడితే, ఈయన మాత్రం తన టైం ఆఫీసును తెచ్చి బొందలగడ్డలో పెట్టుకున్నారు. మళ్ళీ మిల్లు తెరిచే వేళకు ఆయన వయసు దాటిపోయింది. దాటకపోయినా వెళ్ళేవారు కాదేమో, ఇక్కడ ఆయనకు పని బాగా కుదిరింది. వచ్చినవాళ్ళెవరూ ఎదురు మాట్లాడరు కదా.

పొట్టి చేతుల తెల్ల అంగీ, జేబులో రెండు పెన్నులు. నీలం పెన్ను సంతకం పెట్టడానికి, ఎర్రది కొట్టేయడానికి. ఎర్రది తొందరగా అయిపోయేది. ఒక పాత స్కూటరు, దాని మీద కాళ్ళు పెట్టుకునే చోట మడతపెట్టిన సిమెంటు సంచి. ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళ ముందు ఆ స్కూటరు ఆగిందంటే ఆ సంచిలో ఏముందో అందరికీ తెలుసు. ఇటుకలు.

ఈ ఇటుకల సంగతి మా వాళ్ళకు తప్ప ఇతరులకు తెలియకపోవచ్చు. మాలో ఒకరు పోయి సమాధి అయ్యాక, ఇంట్లో మిగిలిన మనిషి కోసం దాని పక్కన రెండు ఇటుకలు పెట్టి వస్తాం. ఆ జాగా మాది అని గుర్తు. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటామే, అట్లాగే. దస్తీ ఉన్న సీట్లో ఇంకొకరు కూర్చోరు, ఇటుకలున్న జాగాలో ఇంకొకరిని పెట్టరు. మా తాతల నాటి నుంచి అదే పద్ధతి. ఇటుకలు పెట్టి వేరే ఊరికి వెళ్ళిపోయినవాళ్ళున్నారు, ఇటుకలు పెట్టి రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా ఇటుక ఇటుకే. బతికినవాళ్ళ ఇటుకల మధ్య చచ్చినవాళ్ళకు జాగా దొరకని రోజు వచ్చింది.

ఈయన వచ్చి ఇటుకలన్నీ తీసేశారు. వరస ప్రకారం ఎవరు ముందు పోతే వాళ్ళకు తరువాతి జాగా. డీడులో ఏడో క్లాజు అదే చెప్తోందన్నారు. తీసేసి పారేస్తే ఒక పద్ధతి. పారేయరు. ఎవరి ఇటుకలు వాళ్ళవి, ఇంకొకరి సొత్తు మీద ట్రస్టుకు హక్కు లేదు. అందుకని సంచిలో వేసుకుని, ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చి, గడప ముందు దించి, "మీ సామాను" అనేవారు. ఆ తరువాత చేతికి కాగితం ఇచ్చి, నీలం పెన్ను తీసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకునేవారు. పెట్టేదాకా కదిలేవారు కాదు. టీ ఇస్తే తాగేవారు, తిడితే వినేవారు.

మా ట్రస్టీల్లోనే ఒక కంట్రాక్టరు ఉన్నాడు. అతను ఇటుకలతో తృప్తిపడే మనిషి కాదు. బొందలగడ్డ గేటుకు ఆర్చి కట్టించి, దాని మీద బైబిలు వాక్యం చిన్నగా, తన పేరు పెద్దగా రాయించుకున్నాడు. ఆ చేత్తోనే లోపల ఒక మూల స్టీలు పైపులు పాతి, గొలుసు కట్టి, నల్ల గ్రానైటు పలక మీద ఇంటిపేరు చెక్కించాడు. ఇంట్లో అందరూ దుక్కల్లా ఉన్నారు అప్పటికి. కంట్రాక్టరు ఇంట్లో గృహప్రవేశ ప్రార్థన జరుగుతున్న రోజు, చుట్టాలందరూ షామియానా కింద బగారన్నం తింటుండగా, ట్రాలీ ఆటో ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. అందులో పైపులు, గొలుసు, పలక. పక్కన స్కూటరు మీద ఈయన.

"గేటు కట్టిచ్చింది నేను," అన్నాడు కంట్రాక్టరు, చుట్టాల ముందు గొంతు తగ్గించి.

"కట్టిచ్చినవ్ కదా తమ్మీ, అందుకే ఎప్పుడొచ్చినా తెరిచే ఉంటది. రావాల్సిననాడు రా, వరసల జాగ ఇస్తం," అన్నారు ఈయన, పెన్ను చాపుతూ. పెట్టాడు సంతకం. ఏం చేస్తాడు?

ఆ ముచ్చట విని నేను కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఆ నవ్వు నాకు ఎన్నో రోజులు నిలవలేదు. మా బాపు పోయాడు.

బాపు సమాధి మధ్యదారి పక్కనే వచ్చింది. ఒకవైపు దారి, ఇంకోవైపు ఖాళీ. మా అవ్వ కన్నీళ్ళు తుడుచుకుని అడిగిన మొదటి మాట ఆ ఖాళీ గురించే. ఎందుకని చెప్పాలంటే మా గుడి సంగతి చెప్పాలి. మా గుళ్ళో మగవాళ్ళు ఒక దిక్కు, ఆడవాళ్ళు ఒక దిక్కు చాపల మీద కూర్చుంటారు. మొగుడూ పెళ్ళాం కలిసి వస్తారు, గడప దగ్గర విడిపోతారు, ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర కలుస్తారు.

"పెండ్లైన కాడికెల్లి గుళ్ళె ఆయన అటు, నేను ఇటు," అంది అవ్వ. "పొలంల ఆయన నాగలి కాడ, నేను కలుపు కాడ. ఎన్నడు పక్కకు కూసున్నది లేదు కొడుకా. మట్టిలనన్న పక్కకు ఉంట."

అడిగింది ఇదొక్కటి. కన్నకొడుకును, కరెంటు ఆఫీసులో పని, ఈ మాత్రం చేయలేనా అనుకున్నాను. మంచి ఇటుకలు రెండు ఏరి బాపు పక్కన పెట్టి వచ్చాను. ఆదివారం గుడి నుంచి ఇంటికి వచ్చేసరికి స్కూటరు మా వాకిట్లో ఉంది.

అవ్వే తలుపు తీసింది. ఆయన సంచి దించి, "మీ సామాను" అన్నారు. నేను ఎగిరాను. మా బాపు గుడికి చేసిన సేవ గురించి, ఈయన మనసు రాయి అయిన సంగతి గురించి, గొంతు పోయేదాకా చెప్పాను. ఆయన విన్నారు. అవ్వ మాత్రం టీ పెట్టి తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"అయ్యా, నా పెనిమిటి పక్కకు నేనుంటె మీకేం అడ్డం?"

"నాకేం అడ్డం లేదవ్వా. గని గాడ జాగ పోయినోళ్ళది. నువ్వింక బతికున్నవ్."

"గంతేనా? అయితె సచ్చినంక వచ్చి మాట్లాడుత," అంది అవ్వ, సంతకం పెడుతూ. ఆయన నవ్వారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. నాకైతే ఒళ్ళు మండింది. ఆ ఇటుకల్ని అవ్వ నీళ్ళ బిందెల కింద పెట్టుకుంది, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ ఖాళీ ఎన్నాళ్ళో ఉండలేదు. రైల్వే స్టేషన్లో బెంచీ మీద ఒక మనిషి చనిపోయి ఉన్నాడు. ఊరు తెలియదు, పేరు తెలియదు, మెడలో దారానికి ఒక చెక్క సిలువ మాత్రం ఉంది. ఎవరూ రాకపోతే పోలీసులు మున్సిపాలిటీకి అప్పజెప్పేవాళ్ళు. ఈయన వెళ్ళి, కాగితాలు రాయించి, తెచ్చారు. మన సంఘంలో మనిషి కాదు కదా అని పాస్టరయ్య నసిగితే, ఈయన డీడు కూడా తెరవకుండా జవాబిచ్చారు.

"ఏడో క్లాజుల క్రైస్తవుడు అని ఉన్నది అయ్యగారూ. మన క్రైస్తవుడు అని లేదు."

అట్లా మా అవ్వ జాగాలో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి పడుకున్నాడు. నేను రెండు రోజులు అన్నం తినలేదు. అవ్వ మట్టుకు ఈస్టరు తెల్లవారుజామున బాపు సమాధి మీద కొవ్వొత్తి పెట్టి, ఇంకొకటి ఆ మనిషి మీద కూడా పెట్టింది. అడిగితే, మీ బాపుకు ముచ్చట్లు పెట్టనిదే పొద్దుపోదు, మనిషి దొరికిండు, పాపం అంది. ఆ తరువాత రెండోవైపు చూపించింది. "ఇటు దారి ఉన్నది కదా కొడుకా. జర సర్దితె నాకు సరిపోతది. నేను లావు మనిషిని గాదు."

దారి. నాకు అదొక పట్టు దొరికింది. ఇక రాయడం మొదలుపెట్టాను. కరెంటు ఆఫీసులో జనాన్ని రేపు రా, ఎల్లుండి రా అని తిప్పిన అనుభవం ఊరికే పోతుందా? ట్రస్టుకు అర్జీ మీద అర్జీ పెట్టాను. ప్రతిదానికీ జవాబు వచ్చింది, నీలం సంతకంతో, వీలుకాదని. ఇంతలో ఒక ట్రస్టీ కాలం చేశాడు. ఆ ఖాళీలో ఎవరిని వేయాలని మీటింగు పెడితే, మేనేజింగ్ ట్రస్టీ గారు నా పేరు చెప్పారట. కంట్రాక్టరు నోరు తెరిచాడట, వాడు నిన్ను తిట్టనిరోజు లేదు కదా అని. ఊళ్ళో బొందలగడ్డ గురించి ఇంతగా ఆలోచించేవాడు ఇంకొకడు లేడు, అందుకే వేద్దామన్నారట ఈయన. నాకు మర్యాద చేశారో శిక్ష వేశారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ట్రస్టీనై మొదటి మీటింగులోనే తీర్మానం పెట్టాను. భార్యాభర్తలకు పక్కపక్కన జాగా ఉంచాలి, మధ్యదారిని సమాధులకు వాడాలి, మనుషులు గోడ పక్కనుంచి నడవాలి. కంట్రాక్టరు కళ్ళు మెరిశాయి, అతని గ్రానైటు ఇంకా ఇంట్లోనే ఉంది. అందరూ చేతులెత్తారు. గెలిచానని అనుకున్నాను. ఈయన ఎర్ర పెన్ను తీశారు.

"ఐదుగురం చేతులెత్తితె మారేది గాదు తమ్మీ. ఇది మనం రాసుకున్న కాగితమా? ఊరి కోసం ధర్మానికి రాసింది. దారి గూడ భూమి నక్షల ఉన్నది. మార్చాల్నంటె జిల్లా కోర్టు మార్చాలె. ట్రస్టీ అంటె మాలిక్ గాదు, కాపలోడు."

అని ఊరుకున్నారా? మరునాడు డీడు నకలు, నక్షా నకలు తెచ్చి నా చేతిలో పెట్టి, ఆసిఫాబాదులో ఏ వకీలు ఇట్లాంటి కేసులు బాగా చూస్తాడో చెప్పి పోయారు. తన మీద కేసు వేయడానికి దారి ఖర్చు ఒక్కటి ఇవ్వలేదు, అంతే.

వేశాను. వాయిదాలు మొదలయ్యాయి. కోర్టు వాయిదాల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, మా అవ్వ పెంచిన మేకపిల్ల కేసు నడుస్తుండగానే అమ్మమ్మ అయింది. ప్రతి వాయిదాకు నేనూ ఆయనా ఒకే బస్సులో పోయేవాళ్ళం. కోర్టులో ఎదురెదురు, బస్సులో ఒకటే ఊరివాళ్ళం. ఒకసారి బస్టాండులో జనం బాగా ఉంటే, ముసలాయన కదా అని దయతలచి, కిటికీలోంచి నా దస్తీ, నా సంచీ వేసి రెండు సీట్లు ఆపాను. కిటికీ పక్కన నేను కూర్చుని రమ్మంటే ఆయన రాలేదు.

"ఎక్కినోనికి సీటు. దస్తి ఏసినోనికి గాదు," అని చెప్పి ఆసిఫాబాదు దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆ సీట్లో ఒకావిడ కోడిపుంజుతో సహా కూర్చుంది. అది దారి పొడుగునా నా మోచేతిని పొడిచింది. మధ్యాహ్నం కోర్టు మెట్ల మీద ఆయన టిఫిన్ విప్పి జొన్నరొట్టె చేతిలో పెట్టారు. వద్దన్నాను. రొట్టె ట్రస్టుది కాదు, మా ఇంటిది, తిను అన్నారు. ఆయన భార్య ఎప్పుడూ ఇద్దరికి సరిపోయేట్టు కట్టేదట. ఎల్లిపాయకారం బాగుండేది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ రొట్టెలు కూడా ఆగిపోయాయి. ఆవిడ పోయింది. వరస ప్రకారం దారికి కుడివైపు, గోడ దగ్గరి వరసలో ఆవిడకు జాగా వచ్చింది. పక్కన తరువాతి జాగా ఖాళీ. ఇప్పుడు చూస్తాం ఈయన రూలు అని ఊరంతా కాచుకుని కూర్చుంది. ఆయన ఇటుకలు పెట్టలేదు. ఒక మల్లె కుండీ తెచ్చి పెట్టారు, రోజూ పొద్దున వెళ్ళి నీళ్ళు పోసేవారు. కుండీ అయితేనేం, ఇటుకైతేనేం అని కంట్రాక్టరు కన్నుగీటాడు. ఆ ఎండాకాలం మా వాళ్ళలో ఎవరూ పోలేదు. కుండీలో మల్లె మొగ్గ వేసింది.

వానలు పడే వేళకు మా అవ్వ పోయింది. కేసు వాయిదాలోనే ఉంది.

ఇంట్లో అవ్వను పడుకోబెట్టి ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన కూతురు తలుపు తీసింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సు, పెళ్ళి చేసుకోలేదు, తల్లి పోయాక తండ్రికి ఆమే తోడు. ఆయన అప్పటికే అంగీ తొడుక్కుని కూర్చుని ఉన్నారు, కబురు అందింది. నేను మర్యాదలు పెట్టుకోలేదు. వరస ప్రకారం మా అవ్వకు వచ్చే జాగా మీ భార్య పక్కన. అది మీరే ఉంచుకోండి. ఎవరూ అడగరు, అడిగితే నేను చూసుకుంటాను. దారిలో మా బాపు పక్కన మూడడుగులు నాకు వదలండి, అవ్వను అక్కడ పెట్టుకుంటాను. మీకు మీ మనిషి పక్కన, మా అవ్వకు ఆమె మనిషి పక్కన. కోర్టు ఎట్లాగూ ఇవాళో రేపో ఇస్తుంది. కళ్ళు మూసుకోండి, చాలు. ఇంతకన్నా మంచి బేరం లోకంలో ఎవరైనా ఇస్తారా?

ఆయన గోడ మీద భార్య ఫొటో వైపు చూశారు. కూతురు గుమ్మంలోనే నిలబడింది.

"నాకు ఆమె పక్కకు ఉండబుద్ధి కాదా తమ్మీ?" అన్నారు. "గని గా జాగ నాది గాదు. ఇయ్యాల పోయినోళ్ళది. ఇయ్యాల పోయింది మీ అవ్వ."

నీలం పెన్ను తీసి సమాధికి పర్మిటు రాశారు. ఒక్క అక్షరం చెదరలేదు. నేను ఆ కాగితం గుంజుకుని వచ్చాను. నోటికి వచ్చిన మాట అనకుండా వచ్చానంటే, ఇంట్లో అవ్వ ఉందని.

బొంద తవ్వేవాళ్ళు వచ్చేసరికి ఆయన అక్కడ ఉన్నారు. మల్లె కుండీని తనే లేపి, సిమెంటు సంచిలో పెట్టుకుని, స్కూటరు మీద ఇంటికి తీసుకుపోయారు. తన సామాను తానే వాపసు తీసుకుపోయారన్నమాట. దానికి సంతకం ఎవరు పెట్టారో తెలియదు. మట్టి వేసే వేళకు తిరిగి వచ్చి అందరికన్నా వెనుక నిలబడ్డారు. నాకు దుఃఖం ఎంతుందో కోపం అంతుంది. మా అవ్వ అడిగిందే ఒక్కటి, అది కూడా ఇవ్వలేకపోయాను.

ఆ తరువాత, అవును, ఆ తరువాతే, కోర్టు తీర్పు ఇచ్చింది. భార్యాభర్తలకు జాగా ఆపుకోవడం కుదరదు, ధర్మం ఉద్దేశానికి విరుద్ధం. అయితే భూమి నిండిపోతోంది కాబట్టి మధ్యదారిని సమాధులకు వాడుకోవచ్చు, వరస తప్పకుండా. ఆయన మీటింగులో తీర్పు మొత్తం చదివారు, ఎవరం నిద్రపోలేదు. చదివి, దారి విషయంలో నాదే సబబని ఒప్పుకుని, కొత్త వరసకు గేటు దగ్గర సున్నంతో గీత గీయించారు. నేను గెలిచాను. ఎవరి కోసం గెలిచానో ఆమె గోడ దగ్గర ఉంది.

దారి వరస గేటు దగ్గర మొదలై, ఒక్కొక్కరూ పోతూ ఉంటే లోపలికి జరుగుతూ వచ్చింది. మొన్న ఆయన పోయిన నాడు అది ఎక్కడికి వచ్చి ఆగిందో మీరు ఊహించే ఉంటారు. మా బాపు పక్కకు.

పాస్టరయ్య ఇంట్లో మీటింగు కూర్చుంది. మిగతా ఇద్దరు ట్రస్టీలు ఎప్పటిలాగే తల ఊపే పని మీద వచ్చారు. మేనేజింగ్ ట్రస్టీ పోతే పెద్ద వయసు ట్రస్టీ సంతకం చేయాలట, అది నేను. అందరికన్నా ముందు కంట్రాక్టరు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంత సేవ చేసిన మహానుభావుణ్ణి వరసలో పెట్టడమేమిటి, గేటు లోపల ఎదురుగా పెడదాం, గ్రానైటుతో మండపం కట్టిద్దాం అన్నాడు. గ్రానైటు ఇంట్లో ఎన్నాళ్ళని ఉంటుంది మరి. పాస్టరయ్య బయటికి నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు నా పక్కకు జరిగాడు.

"మీ బాపు పక్క జాగ ఖాళీగ ఉంటది కాకా. నువ్వు ఉంచుకో. మీ అవ్వకెట్లగు దక్కలే, నీకన్న దక్కనీ. సంతకం నీ చేతులనే ఉన్నది. అడిగేటోడు పోయిండు."

అడిగేవాడు పోయాడు. నిజమే. ఆ మాట విన్నాకే నాకు ఆయన పోయారని తెలిసింది, పొద్దుటి నుంచి తెలియలేదు. మా బాపు పక్కన నేను. అవ్వ కోరిక సగమైనా తీరినట్టు. ఒక్క సంతకం. అయ్యో, మనసు పోలేదని చెప్తే నాలుక పుచ్చిపోతుంది. కానీ ఆ మల్లె కుండీ ఒకటి అడ్డం వచ్చి కూర్చుంది. దాన్ని దాటలేకపోయాను.

"వరసల ఎవరొస్తే వాళ్ళకే జాగ," అన్నాను. "మీ మండపం మీరు పోయిననాడు చూద్దాం. అప్పుడు గూడ వరసలనే." పర్మిటు మీద సంతకం చేశాను. నా అక్షరాలు చెదిరాయి.

సమాధి జరిగింది. మా బాపుకు ఒక పక్క స్టేషన్ మనిషి, ఇంకో పక్క ఈయన. మా అవ్వ అడిగి అడిగి పోయిన మూడడుగుల నేలలో, ఇవ్వనన్న మనిషే వచ్చి పడుకున్నారు. ఇట్లాంటి న్యాయం చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. నేను ఏడ్చాను. జనం ఆయన కోసం అనుకున్నారు, అనుకోనీ.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వెళ్ళి చూస్తే, ఆయన పక్కన తరువాతి జాగాలో రెండు ఇటుకలు. కొత్తవి, కడిగినవి. ఎవరు పెట్టారో అడగనక్కర్లేదు. పోయి కూడా నాకు పని అప్పజెప్పి పోయారు చూడండి. అక్కడే ఆయన్ని బాగా తిట్టాను, ఎప్పటిలాగే మధ్యలో ఆపకుండా విన్నారు. తిట్టి, ఇటుకలు కూరగాయల సంచిలో వేసుకుని బండి ఎక్కాను.

ఆయన కూతురే తలుపు తీసింది, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది. వాకిట్లో మల్లె కుండీ ఉంది, ఏపుగా పెరిగింది. గడప ముందు ఇటుకలు దించాను.

"మీ సామాను, బిడ్డా."

ఆమె వాటి వైపే చూసింది. "నాకెవరున్నరు కాకా? బాపు పక్కకు ఉందామనుకున్న."

అవ్వ గొంతు విన్నట్టయింది. ఏడో క్లాజు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనైతే చెప్పేవారు. నాకు అంత బలం లేదు.

"మీ అమ్మ పక్కకు మా అవ్వ ఉన్నది," అన్నాను. "మా బాపు పక్కకు మీ బాపు ఉన్నడు. ఆడోళ్ళు అటు, మొగోళ్ళు ఇటు. గుళ్ళె కూసున్నట్టె కూసున్నరు బిడ్డా. ఆరాధన అయినంక వాళ్ళే కలుస్తరు."

ఆమె చున్నీతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే కొంచెం నవ్వింది. వంగి ఇటుకలు రెండూ లోపల గోడ వారన పెట్టి, మళ్ళీ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"సంతకం పెట్టాల్నా కాకా?"

"పెట్టాలె," అన్నాను.

జేబు తడుముకున్నాను. పెన్ను లేదు. ఆయన జేబులో ఎప్పుడూ రెండుండేవి.